గుడ్డుకి జరిగే మర్యాద

ఇల్లన్నాక ఒక సర్జన్ తయారవుతూ ఉండాలి! ఆ అదృష్టం లేనివాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది.

మా ఎలీషా అన్నయ్య గుంటూరులో వెన్నెముక ఆపరేషన్లు నేర్చుకుంటున్నాడు. ప్రాక్టీసుకి ఫారిన్ మోడల్ కొనాలంటే మా ఊరి మిర్చంతా అమ్మినా చాలదట. అందుకే సెలవుకి వచ్చినప్పుడల్లా కోడిగుడ్ల మీద పడతాడు. చపాతీ పిండిముద్దలో గుడ్డు నిలబెట్టి, సన్నటి డ్రిల్లుతో పైపెంకు అరగదీస్తాడు. లోపలి తెల్లపొర చిరగకూడదు. వెన్నుపాము మీద కూడా అలాంటి పొరే ఉంటుందట.

దీనివల్ల ఎన్ని లాభాలు! డ్రిల్లు మోతకి పక్కింటి జక్రయ్య తాతకి మధ్యాహ్నం కునుకు పోయింది. పగటినిద్ర ఒంటికి మంచిది కాదు కదా! పొర చిరిగితే కుట్టడం రావాలని తమ్ముడి పుట్టినరోజు బెలూన్లు కోసి, కుట్లు వేసి, నీళ్లు నింపి చూశాడు. అవి కారి పిల్లలందరికీ స్నానాలయ్యాయి.

"ఒరేయ్ పెద్దోడా, కూరలోకి గుడ్లేమన్నా మిగిలాయా, అన్నిటికీ ఆపరేషన్లు అయిపోయాయా?" అని వంటింట్లోంచి అమ్మ కేకేస్తుంది.

అన్నయ్యకి వినపడదు. గుడ్డుతో మాట్లాడుతుంటాడు.

"అయిపోయింది బంగారం, ఇంకొంచెమే. భయపడకు, నేనున్నాగా!"

ఇంత మర్యాద ఏ కొత్తల్లుడికి జరుగుతుందండీ?

మా నాయనమ్మకైతే జరగదు. మిరపకోతల్లో వంగి వంగి అరిగిపోయిన నడుం ఆమెది. ఇప్పుడు కాలి చెప్పు జారిపోయినా తెలియట్లేదు. ఆపరేషన్ చేయాలన్నారు. చేసేది అన్నయ్య వాళ్ల ప్రొఫెసర్, పక్కనుండేది అన్నయ్య. ఆమె మాత్రం ఇంకా ఊఁ అనలేదు.

"మళ్లీ నడుస్తానంటావా అయ్యా?" అని మొన్న అడిగింది.

"సక్సెస్ రేటు బాగుంది నాయనమ్మా," అన్నాడు, గుడ్డు మీంచి తల ఎత్తకుండా.

"మంచాన పడతానేమోనని..."

"రిస్కు అన్నిట్లోనూ ఉంటుంది. డ్రిల్లింగప్పుడు మాట్లాడించకు!"

కాబట్టి డాక్టరు కాలేజీలవారికి నాదొక విన్నపం. గుడ్డు మంచి మోడలే, కాదనను. కానీ దానికి ఏ అనుమానమూ రాదు. అనుమానాలొచ్చే మోడల్ కావాలంటే మా ఇంట్లో ఒకటుంది. ఫారిన్ నుంచి తెప్పించక్కర్లేదు.

ఆ మోడలే నిన్న సాయంత్రం కాళ్లీడ్చుకుంటూ వచ్చి, స్టూలు లాక్కుని, టేబుల్ లైటు కింద కూర్చుంది.

"ఒరేయ్, నన్నూ గుడ్డేననుకో. దానికి చెప్పినట్టు నాకూ చెప్పు. అప్పుడు ఒప్పుకుంటా."

అన్నయ్య డ్రిల్లు ఆపేసి, "సక్సెస్ రేటు..." అని మళ్లీ మొదలెట్టాడు.

పాపం, మనిషికి అలా చెప్పే ప్రాక్టీసు లేదు మరి!