దుమ్ము, పొగ, బావమరిది

ఊపిరి పోసిన దేవుడే, బావమరిది గడప తొక్కగానే దాన్నెందుకు బిగబడతాడు? పొద్దున్నే దేవుడి ముందు కూర్చున్నప్పుడల్లా డ్రిల్లు మాస్టారు వినయంగా అడిగే ప్రశ్న ఇదే. తొమ్మిదేళ్లుగా జవాబు లేదు.

ఆ రోజు ఎనిమిదింటికి బడిలో పరుగు పందాలు. ఈల ఊదాల్సింది ఆయనే. కిందటేడు ఈల మధ్యలో దగ్గుగా మారితే, పిల్లలు సగం దూరం పరిగెత్తి నిలబడిపోయారు. మళ్లీ అలా జరిగితే మైదానం మానేసి ఆఫీసులో ఫైళ్లు చూసుకోమని హెడ్మాస్టరు మెత్తగా చెప్పారు. అందుకే మాస్టారు డాక్టరమ్మ మాట జవదాటడం లేదు. దిళ్లకు కొత్త గలీబులు, తడిగుడ్డతో తుడుపు, పక్కింటివాళ్లు ఆకులు తగలబెడితే కిటికీలు మూత. ఆయాసం దేనివల్ల వస్తోందో రాసిపెట్టమంటే నోటు పుస్తకంలో నిజాయితీగా రాశారు: "దుమ్ము. పొగ. బావమరిది."

ఈల వెతుకుతుంటే ఆ పుస్తకం భార్య కంటపడింది.

"మా తమ్ముడు మీకు పొగతో సమానమా?"

"ఉన్నదున్నట్టు రాయమన్నారే..."

"అయితే వాణ్నే రమ్మంటా. ముఖం మీదే చెప్పండి!"

ఫోను చేసేసింది. పక్క వీధిలోనే ఉంటాడు, బయల్దేరానన్నాడు. మాస్టారు ముందు గదిలోకి ఉరికారు. అక్కడ పరిచి ఉన్న తివాచీ బావమరిదిదే మరి. తొమ్మిదేళ్ల కిందట హెడ్మాస్టరు ఇంటికొస్తున్నారని రెండ్రోజులకు అడిగి తెచ్చి, కొన్నానని భార్య దగ్గర కోతలు కోశారు. తిరిగివ్వడానికి మొదట బద్ధకం, తర్వాత సిగ్గు. అప్పట్నుంచి బావమరిది వస్తున్నాడంటే చాలు, "మాసిపోతుందే" అంటూ దాన్ని చుట్టి మంచం కిందికి తోసేస్తున్నారు.

స్కూటరు చప్పుడైంది. చుట్టారు, లాగారు, తోశారు. ఏళ్లనాటి దుమ్మంతా లేచి ముఖాన కొట్టింది. బావమరిది వచ్చేసరికి మంచం బయట రెండు కాళ్లు, లోపల పిల్లికూతలు.

"చూశావురా? నిన్నింకా చూడనే లేదు, అప్పుడే మొదలెట్టేశారు!" అంది అక్క.

అతను బావను కాళ్లు పట్టి లాగి, వరండాలో కూర్చోబెట్టి, అల్మరాలోంచి ఆయన ఇన్‌హేలరు తెచ్చి చేతికిచ్చాడు.

"గాలంతా వదిలెయ్ బావా. నొక్కుతూ మెల్లగా పీల్చు. పది లెక్కపెట్టేదాకా బిగబట్టు."

ఊపిరి దారికొచ్చాక మాస్టారు అడిగారు. "నీకివన్నీ ఎలా తెలుసురా?"

"నాదీ అదే జబ్బు కదా. తివాచీ ఇంట్లో ఉంచొద్దని మా డాక్టరు చెప్పిన రోజే నువ్వొచ్చి అడిగావు. దేవుడే పంపాడనుకున్నా."

"మరి ఇన్నేళ్లూ అడగలేదే?"

"అడిగితే ఎక్కడ తిరిగిచ్చేస్తావోనని! వచ్చినప్పుడల్లా చూసేవాణ్ని, కనబడేది కాదు. పారేశావులే అనుకున్నా."

"కొన్నానన్నారుగా?" అంది భార్య. మాస్టారు ఇంకోసారి పది లెక్కపెట్టారు.

ఎనిమిదింటికి ఈల మైదానం చివరిదాకా మోగింది. పిల్లలూ చివరిదాకా పరిగెత్తారు. ఇంటికొచ్చి మాస్టారు పుస్తకంలో బావమరిదిని కొట్టేసి, తివాచీని రాశారు. దేవుడు జవాబు ఎప్పుడో ఇచ్చాడు. మంచం కింద దాచింది తనే.

సాయంత్రం ముక్కుకు గుడ్డ కట్టుకుని, తివాచీని ప్లాస్టిక్ సంచిలో బిగించి, వద్దు వద్దంటున్నా బావమరిది స్కూటరుకు కట్టేశారు. తొమ్మిదేళ్ల బాకీ తీరింది. పుచ్చుకున్నవాడి ముఖమే కాస్త వాడింది.