మూయకూడని దరఖాస్తు

ఇళ్లకు కుళాయిలు మంజూరు చేసే మా ఊరి కార్యాలయంలో తెర పారిశుధ్య పక్షోత్సవం దిగ్విజయంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఎవరి కంప్యూటరు తెర మీదా ఒక్క ఫైలు కూడా కనబడకూడదని పెద్దసారు ఉత్తర్వు. కనబడలేదు. ఇప్పటికీ కనబడటం లేదు.

ప్రారంభసభకు వీధివాళ్లమైన మమ్మల్నీ పిలిచారు. "కిటికీ తుడిస్తే ఇంటికి వెలుగొస్తుంది. తెర తుడిస్తే ప్రజలకు నీళ్లొస్తాయి" అని పెద్దసారు సెలవిచ్చారు. రెండో మాటకు ఆధారమేమిటని ఎవరమూ అడగలేదు. చప్పట్లు కొట్టి, ఖాళీ బకెట్లు తీసుకుని వీధి చివరి పంపు దగ్గరికి వెళ్లాం.

సర్దుడు ఎలా సాగిందో కూడా చెప్పాలి. తెర మీది దరఖాస్తులన్నీ 'వచ్చినవి' అనే ఫోల్డరులోకి తోశారు. అది పొట్ట పగిలేలా కనిపించేసరికి దాని లోపల 'చూడవలసినవి' అని ఇంకోటి, దాని లోపల 'నిదానంగా చూడవలసినవి' అని మరోటి పెట్టారు. ఇల్లు సర్దడంలో పేరున్న టైపిస్టు ఆవిడ తన వాటావి దరఖాస్తుదారు పేరు పొడవును బట్టి పేర్చారు. పొట్టి పేర్లు పైన, పొడుగు పేర్లు కింద. ఎంత ముచ్చటగా ఉందో! పొడుగు పేర్లవాళ్లకు నీళ్లెప్పుడొస్తాయని అడిగి ఆ ముచ్చట చెడగొట్టడం మర్యాద కాదు.

ఇంత శుభ్రతలోనూ ఒక్క దరఖాస్తు మాత్రం ఏ ఫోల్డరులోకీ పోకుండా, పని జరుగుతున్నట్టు తెరిచే మిగిలింది. అది మా వీధిలో బట్టలు కుట్టే ఆవిడది. ఉండేది పై అంతస్తు. నీళ్లు మెట్ల మీదుగా మోసి మోసి నడుం పడిపోయింది. మిషను తొక్కుదామని కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. ఇంకొన్నాళ్లు ఇలాగే మోస్తే మిషను అమ్ముకోవడమేనని వైద్యుడు మొహమాటం లేకుండా చెప్పాడు. అందుకని కుళాయి కోసం చెప్పులరిగేలా తిరుగుతోంది.

ఆవిడ దరఖాస్తు చూసే గుమాస్తాను అందరూ మెరుపువేలు అంటారు. కంప్యూటరులో పేకాట ఆడుతూ ఉంటాడు. పెద్దసారు బూట్ల చప్పుడు వినిపిస్తే చాలు, వేలు కదులుతుంది, పేక పోతుంది, ఫైలు వస్తుంది. ఏ ఎండకా గొడుగు పట్టడంలో ఇంత వేగం వేరే ఏ శాఖలోనూ లేదని మా నమ్మకం. అలా వచ్చే ఫైలు ప్రతిసారీ కుట్టుపని ఆవిడదే. పెద్దసారు వచ్చినప్పుడల్లా అదే చూసి, ఒక పేదరాలి పని మీద ఇంత ఏకాగ్రతా అని మురిసిపోయి, పక్షోత్సవం శాలువా అతనికే కప్పారు.

మెరుపువేలు వెనక అద్దాల బీరువా ఉంది. ఒకరోజు వరసలో నిలబడి ఆవిడ ఆ అద్దంలోకి చూసింది. అతని తెర మీది ఎర్ర ఆసు, నల్ల రాణి కనిపించాయి. ఇంతలో బూట్ల చప్పుడు. రాణి పోయి ఆవిడ ఫోటో వచ్చింది. సారు వెళ్లారు. ఫోటో పోయి రాణి వచ్చింది. ఆవిడ నోరు పారేసుకోలేదు, నెమ్మదిగా కారణం అడిగింది.

అతనూ దాచుకోలేదు. "అమ్మా, మంజూరు చేస్తే ఫైలు మూసుకుపోతుంది. మూసుకుపోతే సారొచ్చినప్పుడు నేనేం చూపించాలి? మిగతావాళ్లవి సగం సగం ఉంటాయి. మీరు అన్నీ జతచేశారు, చూడ్డానికి నిండుగా ఉంది. తప్పు మీదే."

ఇంకో నిండు దరఖాస్తు పెట్టుకోవచ్చు కదా అంటే, అన్నీ ఫోల్డర్లలోకి సర్దేశాం, వెతికేదెవరు అన్నాడు. ఆవిడ బల్ల దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది.

"మా ఎదురు వాటా వదినది ఉంది బాబూ. నిండుగానే ఉంటుంది. నేనే దగ్గరుండి రాయించాను. నంబరు చెప్తాను, రాసుకోండి."

ఆ వారంలోనే ఆవిడ ఇంట్లో కుళాయి బిగించారు. ధార సన్నమే అయినా ధార ధారే. ఆవిడ మిషను మళ్లీ మోగుతోంది, మేమందరం విని ఆనందించాం. ఎదురు వాటా వదిన మాత్రం తన బకెట్టూ వాళ్లత్తగారి బకెట్టూ మోస్తూనే ఉంది. నాదేమైంది వదినా అని అడిగితే, "రోజూ చూస్తున్నారు వదినా, నా కళ్లతో చూశాను" అని కుట్టుపని ఆవిడ జవాబిచ్చింది. అందులో అక్షరం అబద్ధం లేదు.

వదిన తెలివితక్కువదేం కాదు. మర్నాడే వెళ్లి తనూ అద్దంలోకి చూసి వచ్చింది. వచ్చాక గొడవ పడలేదు, పలకరింపూ మానలేదు. సాయంత్రం కింద వాటా తాతగారి గుమ్మంలో కూర్చుంది. "మీకీ వయసులో నీళ్లు మోసే ఖర్మేమిటి బాబాయిగారూ? కాగితాలన్నీ ఇటివ్వండి, ఒక్కటీ తక్కువ కాకుండా నేను దగ్గరుండి రాయిస్తాను" అంది. ఆయన కళ్లనీళ్లు పెట్టుకుని, నూరేళ్లు చల్లగా ఉండమని దీవించారు.

అప్పట్నుంచీ మా వీధిలో పరోపకారం మూడు పువ్వులూ ఆరు కాయలుగా వర్ధిల్లుతోంది. పక్కవాళ్ల దరఖాస్తు దగ్గరుండి నింపిపెట్టని ఇల్లు లేదు. మీది కూడా ఎక్కడో ఆగిపోయి ఉంటే, కార్యాలయాన్ని తిట్టుకోకండి. దాన్ని అంత శ్రద్ధగా నింపిపెట్టిన ఆప్తులెవరో, ఇప్పుడు వాళ్లింట్లో నీళ్లొస్తున్నాయో లేదో కనుక్కోండి.