వైన్ కార్డు ఉండగా కల్లం దాకా ఎందుకు?

రుచి తెలిసిన నాలుక అబద్ధం చెప్పదనీ, మంచి సీసాను ఎంచుకోగలిగినవాడు మంచి సరుకునూ ఎంచుకోగలడనీ నాగరిక సమాజంలో ఒక నమ్మకం ఉంది. నమ్మకాలను పరీక్షించకుండా వదిలేయడం నాకు చేతకాదు. ఈ నమ్మకానికి పరీక్ష మొన్న వేసవి మొదట్లో, నరసరావుపేటలో, పట్టపగలు, నా ఎదుటే జరిగింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రెస్టారెంట్లలో వైన్ కార్డు ప్రవేశపెట్టినవాడు మానవజాతికి మహోపకారి!

మన పల్నాటిలో ఇంతకాలం ‘వైన్స్’ అని బోర్డు పెట్టిన దుకాణంలో వైన్ తప్ప అన్నీ దొరికేవి. కిటికీలో చెయ్యి పెట్టినవాడు ద్రాక్ష ఏ కొండవాలున పండిందో, ఆ ఏడు అక్కడ వాన ఎంత కురిసిందో అడిగిన పాపాన పోలేదు. అదీ ఒక జీవితమేనా?

ఇప్పుడు బైపాస్ రోడ్డులో ఏసీ రెస్టారెంటు వెలిసింది. పెళ్లి ఆల్బమంత బరువున్న వైన్ కార్డు బల్ల మీదికి వచ్చింది. దాని ప్రకారం ఒక సీసాలో తడిసిన మట్టి వాసన ఉంటుంది. ఇంకొకదానిలో పాత తోలు, పొగాకు, చెక్కిన పెన్సిలు పొట్టు ఉంటాయి. ఇవన్నీ మన ఊళ్లలో ఊరికే దొరుకుతాయి నిజమే. ఊరికే దొరికేదాన్ని గౌరవించడం ఎలా?

కార్డులో ఎడమవైపు పేర్లు, కుడివైపు ధరలు ఉంటాయి. సంస్కారవంతుడు ఎడమవైపు చదువుతున్నట్టు కనిపిస్తూ కుడివైపు చదువుతాడు. అన్నిటికన్నా చవకది అడిగితే పిసినారి అంటారు. అన్నిటికన్నా ఖరీదైనది అడిగితే కొత్తగా డబ్బు చూసినవాడంటారు. అందుచేత విజ్ఞులందరూ చవకదానికి ఒక మెట్టు పైనున్నదాన్ని ఎంచుకుంటారు. దీనికే అభిరుచి అని పేరు.

ఇక పరీక్ష. ధనుంజయరావు మిర్చి కమీషన్ వ్యాపారి. బెంగళూరు మసాలా కంపెనీ ఒకటి ఒక లారీ మిర్చి కొనడానికి అభిరామ్ అనే కొనుగోలు మేనేజరును పంపింది. అతడు చూడవలసిన సరుకు రెండు చోట్ల ఉంది. కారంపూడిలో కోటమ్మ అనే కౌలు రైతు కల్లంలో కొత్త కాయ ఉంది. కోల్డ్ స్టోరేజీలో ధనుంజయరావు సొంత ‘ఏసీ సరుకు’, అంటే నిరుటి నుంచి మూలుగుతూ రంగు దిగిన కాయ, ఉంది. మిర్చి రంగు ఎండలో చూడాలి. దీపం కింద తాలు కాయ కూడా మంచి కాయలాగే మెరుస్తుంది. సాయంత్రం రైలుకు అభిరామ్ వెళ్లిపోవాలి.

మధ్యాహ్నం భోజనం ముగించి కారంపూడి వెళ్లాలన్నది ఏర్పాటు. కార్డులోని ఫ్రెంచి పేర్లు చదివిపెట్టడానికి రిటైరైన ఫిజిక్స్ మాస్టారినని నన్నూ పిలిచారు. నేను తాగను. చదవగలను.

సర్వరు సీసా తెరిచి ధనుంజయరావు గ్లాసులో రవ్వంత పోసి నిలబడ్డాడు. మిర్చి యార్డులో ఒక మర్యాద ఉంది. మొదటి శాంపిల్ ఎంత బాగున్నా కొనేవాడు మూతి విరవాలి. బాగుందన్నవాడు బేరమాడలేడు. జీవితమంతా ఆ మర్యాదలో గడిపిన ధనుంజయరావు గుక్క పుక్కిలించి, మింగి, మూతి విరిచాడు.

“తేమ ఎక్కువుంది. ఈ సరుకు నిలవదు. ఇంకోటి తీసుకురా.”

అభిరామ్ ముఖం వెలిగిపోయింది. ఆ గ్లాసే అందుకుని వాసన చూసి, నిజమేననీ, తాను గమనించలేకపోయాననీ ఒప్పుకున్నాడు. సర్వరు లోపలికి వెళ్లి, సీసాకు కొత్త రుమాలు చుట్టి తెచ్చాడు. లేబుల్ మూల నేను మొదట చూసిన చిరుగు అలాగే ఉంది. మట్టం ఒక గుక్క తగ్గే ఉంది. ధనుంజయరావు రుచి చూసి, “ఇదీ సరుకంటే!” అన్నాడు. అభిరామ్ గ్లాసును తిప్పి, ముక్కు అందులో దూర్చి, ఇందులో లోతు ఉందన్నాడు.

ఇది ఆ సీసాయేనని చెప్పి, చిరుగు చూపించాను.

అభిరామ్ జాలిగా నవ్వాడు. “మాస్టారూ, మీరు తాగరు కదా.”

ఇంత పకడ్బందీ తర్కం నేను శాస్త్ర గ్రంథాల్లో కూడా చదవలేదు.

అప్పుడే కోటమ్మ ఫోన్ చేసింది. వేళ్లకు చేపల వేపుడు అంటుకుని ఉండడంతో ధనుంజయరావు స్పీకరు పెట్టాడు.

“అన్నా, బయల్దేరారా? కాయంతా ఇప్పి పోశా. మబ్బు కమ్ముతా ఉంది. ఎండుండంగానే తీసుకొస్తే ఆయనే కళ్లతో చూసుకుంటాడు. పట్టా కప్పమంటావా?”

“వస్తన్నాం అమ్మాయ్. కప్పమాక. కప్పితే సారు ఏం చూస్తాడు?”

తరువాత చర్చ నడిచిన విషయాలు: గ్లాసు కాడ పట్టుకోవలసిన పద్ధతి, ఓక్ పీపాల వయస్సు, చేపకు ఎర్రది తగునా తెల్లది తగునా. రెండో సీసా వచ్చింది. కిటికీలో ఎండ పోయింది. ఇక బయలుదేరుదామని నేను గుర్తుచేస్తే, మంచి వైన్‌ను తొందరపెట్టకూడదని ఇద్దరూ నాకు బోధించారు.

చివరికి అభిరామ్ గ్లాసు కింద పెట్టి అన్నాడు. “ధనుంజయరావు గారూ, నాలుక ఇంత పట్టింపుగా ఉన్న మనిషి దగ్గర కాయ చూసేదేముంది? మీ ఏసీ సరుకే పంపండి.”

చూశారా, వైన్ కార్డు ఎంత శ్రమ తప్పించిందో! కారంపూడి దుమ్ములో తిరగనక్కరలేదు. కాయ విరిచి గింజ చూడనక్కరలేదు. ఎండలో నిలబడనక్కరలేదు. బిరడా వాసన చూసినవాడికి గోతం వాసన చూడవలసిన అగత్యం ఏముంటుంది? మన రైతులు కూడా ఇకనుంచి పంట మీద శ్రద్ధ తగ్గించుకుని పుక్కిలించడం నేర్చుకుంటే మంచిది.

పరీక్ష ఫలితం. రెండుసార్లు పోసింది ఒకే సీసాలోది. ఒకరి నాలుకా గుర్తించలేదు, ఒకరి ముక్కూ గుర్తించలేదు. అభిరామ్ ఆ బల్ల మీదనే సంతకం చేసి రైలెక్కాడు. ధనుంజయరావు ఏసీ సరుకు మర్నాడు లారీకెక్కింది. కారంపూడిలో ఆ సాయంత్రం వాన కురిసింది. కోటమ్మ పట్టా లాగేలోపు సగం కాయ తడిసింది.