‘తిన్నావా?’ అనే తప్పనిసరి గడి

సంస్థల చరిత్రలో ఉన్నవి రెండే యుగాలు. పనులు జరిగిన యుగం ఒకటి, పనులు ఎలా జరుగుతున్నాయో బొమ్మ గీసి గోడకు తగిలించిన యుగం ఇంకొకటి. ఈ రెండూ ఒకే కప్పు కింద కలిసి కాపురం చేసిన దాఖలా ఇంతవరకూ లేదు. (ఉందని ఎవరైనా అంటే, వాళ్ల దగ్గర దాని బొమ్మ ఉంటుందంతే.)

చక్రాల కుర్చీలు తయారుచేసే ఆ కంపెనీ మొన్నమొన్నటి దాకా మొదటి యుగంలోనే ఉండేది. పాపం, ఆ సంగతి దానికి తెలియదు. కుర్చీ కొన్నవాళ్లు చక్రం వంగినా, బ్రేకు అరిగినా ఫోన్ చేసేవాళ్లు. ఆ ఫోన్ ఎత్తేది డిస్పాచ్ చూసే అక్క. ఆవిడకు నిక్షేపంగా ఒక పేరుంది గానీ డైరెక్టరుగారితో సహా అందరికీ ఆవిడ అక్కే. ఫోన్ పెట్టేసి, పక్కగదిలోని స్టోరుకున్న చిన్న కిటికీలో తల దూర్చి, "ఏరా తమ్ముడూ, తిన్నావా?" అనేది.

స్టోర్‌కీపరు ఆవిడకు తోడబుట్టినవాడేమీ కాదు. నలభై దాటి, కణతల దగ్గర జుట్టు నెరిసిన మనిషి. అయినా అక్క నోట తమ్ముడే. "ఆ, అయిందక్కా" అనేవాడు. "సరే గానీ, ఎడమ చక్రం ఒకటి ఇలా పడెయ్" అనేది ఆవిడ. చక్రం కిటికీలోంచి వచ్చేది. సాయంత్రం బండిలో ఊరు దాటేది. ఎప్పుడైనా "ఎక్కడక్కా, ఇంకా లేదు" అన్నాడంటే అక్క తన అన్నం డబ్బా మూత తీసి సగం అటు తోసేది. చక్రం అప్పుడూ వచ్చేది. తిండికీ చక్రానికీ సంబంధం ఉందని ఇద్దరిలో ఎవరికీ అప్పటికింకా తెలియదు.

ఇలా ఉండగా డైరెక్టరుగారు ఏదో సదస్సుకు వెళ్లి, ఒక సంచీ, ఒక పెన్ను, ఒక బెంగ పట్టుకొచ్చారు.

"మన దగ్గర ఏ పనికీ ప్రాసెస్ లేదమ్మా," అన్నారు అక్కతో.

"పనులు అవుతున్నాయి కదండీ?"

"అదే నా భయం. ఎలా అవుతున్నాయో ఎవరికీ తెలీదు. రేపు అవ్వడం మానేస్తే ఎవర్ని పట్టుకుంటాం?"

ఈ ప్రశ్నకు అక్క దగ్గర జవాబు లేకపోయింది. జవాబు లేని ప్రశ్నలు అడగగలిగినవాళ్లే డైరెక్టర్లవుతారు కాబట్టి, పై వారమే ప్రక్రియల విభాగం వెలిసింది. దానికి ఒక గది, గది తలుపుకు ఒక బోర్డు, బోర్డు కింద ఒక నిపుణుడు. మనిషి కుర్రవాడే, చొక్కా గుండీ మెడ దాకా పెట్టుకుని, లాప్‌టాప్‌ను చంటిబిడ్డలా ఎత్తుకు తిరిగేవాడు. ఎవరేం చేస్తున్నా చూసి గడులు గీసేవాడు. చేసే పనికి పలక గడి, అడిగే ప్రశ్నకు డైమండు గడి. నాలుగు రోజులు తిరక్కుండానే బొమ్మలబాబు అన్న బిరుదు ఖాయమైంది.

బొమ్మలబాబు డిస్పాచ్‌కు వచ్చిన రోజున అక్క మామూలుగానే ఉంది. ఫోన్ ఎత్తింది. ఆగిపోయిన టేబుల్ ఫ్యాను నెత్తిన ఒక్కటిచ్చింది, అది తిరిగింది. కిటికీలోంచి "తిన్నావా?" అంది. తిన్నానన్నాడు. చక్రం అడిగింది, వచ్చింది. బొమ్మలబాబు కళ్లార్పకుండా చూసి అంతా గీసుకున్నాడు. లేచి వెళ్లబోతుంటే అక్క, "బాబూ, నువ్వు తిన్నావా?" అంది. అతను లాప్‌టాప్ బల్ల మీద దించాడు. తల అడ్డంగా ఊపాడు. ఆ పూట డబ్బాలో సగం అతనికి పోయింది.

పదిహేను రోజులకు బొమ్మ తయారైంది. గోడంత బొమ్మ. ఆ గదిలో అంత ఖాళీ గోడ ఒక్కటే ఉంది, దానికి కిటికీ ఉంది. కిటికీ మీదుగానే తగిలించారు. (ఇకమీదట సమాచారం అంతా కంప్యూటర్‌లో నడుస్తుంది కాబట్టి కిటికీ అనవసరమని బొమ్మతో పాటు వచ్చిన నియమాల్లో ఏడోది చెబుతోంది. గాలి గురించి నియమాలు మౌనం వహించాయి.)

అక్క కళ్లజోడు పెట్టుకుని బొమ్మ చదివింది. మొదటి గడి: ఫోన్ ఎత్తుట. రెండో గడి: ఫ్యానును ఒక దెబ్బ కొట్టుట. మూడో గడి: కూర్చొనుట. నాలుగోది డైమండు. అందులో ‘స్టోర్‌కీపరు తిన్నాడా?’ అని ఉంది. అవునంటే బాణం చక్రం దగ్గరికి పోతోంది. కాదంటే తిరిగి మొదటి గడికి వస్తోంది.

"అయ్యో రామ! ఇదేంటి బాబూ?" అంది. "మాటవరసకు అడుగుతాను దాన్ని!"

"మేడమ్, తిన్నానన్నాకే చక్రం వచ్చింది. నేను కళ్లారా చూశాను."

"తినకపోయినా వస్తుంది!"

"ఆ కేసు నేను చూళ్లేదండీ," అన్నాడు బొమ్మలబాబు నిజాయితీగా. "ఈ ప్రాసెస్‌కు మీరే ఓనరు. కింద మీ హోదా కూడా వేశాను చూడండి."

"ఓనర్ని కదా? అయితే ఈ గడి తీసెయ్."

"మార్చే అధికారం ఓనర్లకు ఉండదండీ."

మార్చే అధికారం మార్పుల కమిటీది. అక్క అర్జీ పెట్టుకుంది. కమిటీ వారు ఆ గడి ఎందుకు ఉందో ముందు తేల్చాలన్నారు. ఎవరికీ తెలియలేదు. ఎందుకుందో ఎవరికీ తెలియని గడి గోడ దాకా ఎక్కిందంటే అది చాలా ముఖ్యమైనదై ఉండాలని కమిటీ ఏకగ్రీవంగా నమ్మింది. చివర్లో బొమ్మలబాబు లేచి నిలబడి, "అన్ని సెక్షన్లలోనూ కూర్చున్నాను సార్. ఈ ప్రశ్న ఇక్కడొక్కచోటే విన్నాను. ఇంత మంచి పద్ధతి పోనివ్వకూడదు," అన్నాడు. ఆ మాట అక్క వైపు తిరిగి మరీ అన్నాడు. అక్కకు అతని మీద కోపం రావాలి, రాలేదు. నా నోరే నా కొంప ముంచింది అనుకుంది.

అలా ప్రశ్న అమల్లోకి వచ్చింది. అక్క మీట నొక్కితే స్టోరు తెర మీద ‘తిన్నారా?’ అని వెలుగుతుంది. తమ్ముడు టిక్ పెడితే చక్రం కదులుతుంది. ఒక్కో ఆర్డరుకు ఒక్కోసారి. ఆర్డర్లు ఎక్కువైన రోజున మధ్యాహ్నానికే తమ్ముడు ఒక పెళ్లివారందరి తిండీ తిన్నట్టు తేలేది.

మొదటి చిక్కు అతను రక్తపరీక్ష చేయించుకున్న రోజున వచ్చింది. పరగడుపున ఉండమన్నారు డాక్టరు. తమ్ముడు అబద్ధమాడే మనిషి కాదు. ‘తినలేదు’ నొక్కాడు. ఆర్డరు మొదటి గడికి పోయింది. అక్క మళ్లీ ఫోన్ ఎత్తింది (ఎవరూ చేయలేదు), ఫ్యానును మళ్లీ కొట్టింది, కూర్చుంది, అడిగింది. తినలేదు. ఫ్యాను రెక్క ఊడింది. కంపెనీ ఆ రోజు ఒక్క చక్రం కూడా పంపలేదు.

ప్రక్రియల విభాగం చూస్తూ ఊరుకోలేదు. ‘అన్నపాన ఉపప్రక్రియ’ అనే పిల్ల బొమ్మ గీసింది. స్టోర్‌కీపరు తినని పక్షంలో అతనికి ఒక బిస్కెట్ ప్యాకెట్ జారీ చేయవలెను. బిస్కెట్లు స్టోరులో నిలవ చేశారు. స్టోరు నుంచి ఏ వస్తువు జారీ కావాలన్నా స్టోర్‌కీపరు తిని ఉండవలెను.

"అంటే బిస్కెట్ తినాలంటే ముందు తినాలా అక్కా?" అన్నాడు తమ్ముడు, నడవాలో ఎదురుపడి.

"నన్నడక్కురా. నేను ఓనర్ని మాత్రమే."

ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. కిటికీ మూసేశాక వాళ్లు కలిసి నవ్వుకున్నది అదే చివరిసారి.

తర్వాత ఆడిటరు వచ్చాడు. తిన్నాననడానికి ఆధారమేదని అడిగాడు. ఖాళీ డబ్బా ఫోటో జతపరచాలన్నారు కమిటీ వారు. ఖాళీగా ఉన్నంత మాత్రాన తిన్నట్టా అని ఇంకొకరికి అనుమానం వచ్చింది. ముందు ఫోటో, తర్వాత ఫోటో అన్నారు. పొద్దున తిన్నది సాయంత్రానికి చెల్లుతుందా అన్న చర్చ మీద ఒక పూటంతా గడిచింది. (చెల్లదని తీర్మానం. మధ్యలో భోజనానికి లేచారు.) విసిగిపోయిన తమ్ముడు ఎప్పుడో తీసిన ఫోటోలనే తిప్పితిప్పి జతచేయడం, చదవకుండా టిక్ పెట్టడం మొదలుపెట్టాడు. చక్రాలు మళ్లీ చకచకా కదిలాయి. దీన్ని ప్రక్రియ పరిపక్వత అంటారు.

అక్క కూడా మారింది. తెర మీద మీట ఉండగా నోటితో అడగడం దేనికని మానేసింది. మెట్ల దగ్గర ఎదురుపడినా "ఆర్డరు చూశావా?" అనేది, అంతే. రోజంతా అడుగుతూనే ఉన్నానుగా, ఇంకెన్నిసార్లు అడగాలి?

ఆ శుక్రవారం లెక్కల మాస్టారు ఫోన్ చేశారు. ఆయన కుర్చీ ఎడమ చక్రం బడి గేటు దగ్గరే విరిగింది.

"సోమవారం పరీక్షలమ్మా. పిల్లలు నా కోసం చూస్తుంటారు. నన్ను ఎత్తుకుని తీసుకెళ్తామంటున్నారు మావాళ్లు. పిల్లల ముందు అలా వెళ్లలేను," అన్నారు. ఆ ఆఖరి మాట మెల్లగా అన్నారు.

"శనివారం బండికి ఎక్కిస్తాను మాస్టారూ. నాదీ పూచీ," అంది అక్క.

మాట ఇచ్చాక భయం పట్టుకుంది. ఆ పొద్దుటే కొత్త నియమం వచ్చింది: ఒక్కసారి ‘తినలేదు’ అని పడితే ఆ ఆర్డరు సోమవారం కమిటీ ముందుకు వెళుతుంది. శనివారం అక్క వస్తూనే మీట నొక్కింది. ‘తిన్నారా?’ స్టోరు నుంచి ఉలుకూ పలుకూ లేదు. బండి టైమవుతోంది. ఒరేయ్ తమ్ముడూ, అవునను, అవునని చావరా బాబూ, అని తెరకేసి చూస్తూ దండం పెట్టుకుంది. ఆ క్షణంలో వాడు తిన్నాడా లేదా అన్నది ఆవిడకు పట్టలేదు. టిక్ కావాలి, అంతే.

టిక్ పడింది. చక్రం కదిలింది. బండి గేటు దాటుతుంటే అక్క కిందికి దిగి వెళ్లి మరీ చూసింది. గుండె మీంచి బరువు దిగింది.

గేటు దగ్గర వాచ్‌మన్ బాబాయి కుర్చీ జరిపాడు. "పోన్లే, స్టోరాయన ఇవాళైనా బండి టైముకొచ్చాడు. పాపం, ఆస్పత్రి నించి నడిచొచ్చాట్ట."

"ఆస్పత్రేంటి బాబాయ్?"

"నీకు తెలీదా? వాళ్లావిడకు ఆపరేషనైంది. వారం బట్టీ రాత్రుళ్లు అక్కడే బెంచీ మీద. మనిషి ఎలా పీక్కుపోయాడో చూళ్లేదూ?"

చూడలేదు. కిటికీ ఉంటే చూసేది. అక్క గబగబా మెట్లెక్కి, డబ్బా తీసుకుని, బొమ్మ పక్కనుంచి, ప్రక్రియల విభాగం ముందునుంచి, నడవా చుట్టూ తిరిగి స్టోరుకు వెళ్లింది. దారిలో కొత్తగా తగిలించిన పటం ఒకటుంది. ఉద్యోగుల పోషణలో అగ్రస్థానం సాధించినందుకు ఎవరో ఇచ్చిన ప్రశంసాపత్రం. అందులో స్టోరు విభాగానిది నూటికి నూరు.

తమ్ముడు అమ్మకానికి సిద్ధంగా ఉన్న చక్రాల కుర్చీలో కూలబడి ఉన్నాడు. గడ్డం మాసింది, చొక్కా నలిగింది. తెర వెలుగు మొహం మీద పడుతోంది. అక్క గుమ్మంలోనే నిలబడిపోయి, ఎన్నాళ్లకో నోటితో అడిగింది.

"ఏరా తమ్ముడూ... తిన్నావా?"

అతను తల ఎత్తలేదు. చెయ్యి మాత్రం అలవాటుగా మౌస్ మీదికి పోయింది.

"టిక్ పెట్టేశానక్కా."