సైటు గడియారముపై దండయాత్ర

శ్రోతలారా, చెవులు రిక్కింపుడు, ఫోనులు కాసేపు బోర్లింపుడు! సహస్రకిరణుండగు దినకరుండు ఎదుటి మేడపై నీళ్ళ ట్యాంకును దాటి, ఆరవేసిన దుప్పట్ల సందునుండి తొంగిచూచుచుండ, ఉదయము తొమ్మిది గంటల నలుబది నిమిషములవేళ, మెట్లెక్కలేక కస్టమర్లు మాయమైన మూడవ అంతస్తు గదిలో, గోడలనున్న పదునాలుగు గడియారములు భేరీనాదము సేయుచుండగా, భూతద్దధారియు, చక్రదంతవిమర్దనుడును, తుప్పు స్ప్రింగులకు సింహస్వప్నమును అగు గడియారాలాయన లాప్‌టాపు ముందు వీరాసనమున కూర్చుండెను. కుర్చీ కొంచెము కుంటిది.

ఈ యుద్ధమేల? చెప్పెద. మూడు వారములుగా ఆ గుమ్మము తొక్కిన నరుడు లేడు. "నెలాఖరులోగా ఎవరూ రాకపోతే కొట్టు కట్టేసి, నా ఫోను కవర్ల షాపులో కూర్చోండి బావా" అని బావమరిది తేల్చి చెప్పియుండెను. నేడే నెలాఖరు. కూతురు వెబ్‌సైటు కట్టి, "సెట్టింగులు మాత్రం నువ్వే పెట్టుకో నాన్నా" అని ఉద్యోగమునకు పోయెను. మిగిలిన ఆశ పక్కవీధి టీచరమ్మ. "మా గోడ గడియారం ఆగిపోయింది. నోటిమాటలు నేను నమ్మను. పదింటికి మీ సైటు చూస్తా. పదకొండింటికి ఖాళీ ఉంటే బుక్ చేస్తా, లేకపోతే వేరేచోటికి తీసుకెళ్తా" అని ఆమె ఫోనులో చెప్పెను.

తొలి పోరున సైటు పేరను గడిని ఒక్క వ్రేటున గెలిచెను. మలిపోరున "ఇక్కడ మీ మాట రాయండి" అని నిర్లజ్జగా పడియున్న వాక్యమును తుడిచి, "ఆగినవి నడుపబడును" అని లిఖించి మీసము దువ్వెను. మీసము లేదు, అయినను దువ్వెను.

పిమ్మట ఎదురయ్యెను సమయపు గడి. గోడమీది పదునాలుగును తొమ్మిది నలభై అనుచుండగా, సైటు మాత్రము పదకొండు నలభై అనుచుండెను. దాని దిగువ, పదకొండు గంటల వరుస బూడిదరంగు పూసుకొని, "సమయం దాటిపోయింది" అని వెక్కిరించెను. హతవిధీ! గడియారాలవాని సైటులో గడియారమే తప్పు!

"ఓరీ నిష్కంటకా! ముల్లైనను, కీ యిచ్చు చోటైనను లేని త్రాష్టుడా! నీవంటివారల నెందరిని మూత విప్పి, నూనె రాచి, దారికి దేలేదు! నిలు, నిలు!" అని ఆ వీరుడు మనమున గర్జించెను. నోటివెంట మాత్రము "ఏమేవ్, ఇది రెండు గంటలు ముందుందే" అని వచ్చెను.

గడి పక్కన బాణములు రెండు, ముందుకొకటి, వెనుకకొకటి. వెనుకకు రెండు నొక్కులు నొక్కిన తీరిపోవు పని. కాని వీరునకొక వ్రతము కలదు. గంటకొట్టు గడియారపు ముల్లును వెనుకకు త్రిప్పరాదు, త్రిప్పిన లోపలి పళ్ళు విరుగును. ఇది తండ్రి నేర్పిన మాట, ముప్పదియేండ్లుగా తప్పని మాట. కావున ఆయన ఇరువదిరెండు గంటలు ముందుకే నొక్కెను! పదిహేడవ నొక్కున లెక్క తప్పి, వేళ్ళపై కూడుకొని, మరల నొక్కి, ఎట్టకేలకు తొమ్మిది నలభైయైదు రప్పించి, "కొట్టాను దెబ్బ" అనెను.

భార్య చెయ్యి తుడుచుకొనుచు వచ్చి వంగి చూచెను. "టైము బాగానే ఉంది. తేదీ చూశారా? రేపటిది."

గోరుచుట్టుపై రోకటిపోటు! ఇప్పుడు పదకొండు గంటల వరుసయే కాదు, నేటి దినమంతయు బూడిదరంగు.

"వెనక్కి నొక్కండి."

"నొక్కకూడదు. పళ్ళు విరుగుతాయి."

"ఇందులో పళ్ళెక్కడున్నాయండీ?"

"నాన్న చెప్పాడు."

"మామయ్యగారు చెప్పింది గోడ గడియారానికి. ఆయనే ఉంటే కొట్టు నిలబడాలని చూసేవారు. నొక్కండి, టీచరమ్మ పదంటే పదే."

ఆ మాటకు వీరుడు ఫోను కవర్ల నడుమ, బావమరిది చెప్పుచేతలలో కూర్చొనుట తలచి భయపడెను, సిగ్గుపడెను. కన్నులు మూసి వెనుక బాణము నొక్కెను. చెవి యొగ్గి వినెను. ఏదియు విరుగలేదు. రెండవది నొక్కెను. మూడవదానికి కన్నులు తెరిచెను. భార్య పైకి లెక్కించుచుండ, ఇరువదినాలుగు నొక్కులు నొక్కి, సేవ్ బటనుపై బ్రహ్మాస్త్రము సంధించెను. "మార్పులు సేవ్ అయ్యాయి" అని పచ్చని పట్టీ వెలసెను. అప్పటికి తొమ్మిది యేబదియెనిమిది.

పది కొట్టెను. గోడ కొట్టుట ముగియకమున్నే తెరపై ఒక వాక్యము మెరసెను: "ఒక బుకింగ్ వచ్చింది." పదకొండు గంటలకు, టీచరమ్మ పేర. ఆలుమగలు ఒకరి మొగము నొకరు చూచుకొనిరి. సరిగా అప్పుడే ఫోను మ్రోగెను.

"బావా, నెలాఖరు వచ్చిందిగా. పదకొండింటికి రండి, కౌంటరు చూపిస్తా."

వీరుడు గొంతు సవరించుకొనెను. "పదకొండింటికి కుదరదురా. కస్టమరొస్తోంది."

లోకములారా, ఎల్లరు వినుడు! రెండు నొక్కుల పనిని నలుబదియారు నొక్కులతో సాధించిన ఆ మహావీరుని సైటున, నేటికి, ఈ క్షణమునకు, టైము సరిగా ఉన్నది.