బీరువాలో బీరా

"ఎంబీరా," అంది మామా ఫోన్లో.

"ఏం బీరా?" అన్నాడు వెంకటసత్యనారాయణ.

"అవును, ఎంబీరా," అంది మామా, మొదటిసారికే అర్థం చేసుకున్నాడని సంతోషించి.

అప్పటిదాకా అతని శుక్రవారం ప్రణాళిక బీరకాయ పీచంత తేలిగ్గా ఉంది. కువైట్లోని ఫర్వానియా పేటలో తన గది కిందున్న కొట్లో రెండు లేత బీరకాయలు కొనాలి. భార్య విజయదుర్గ చేత పచ్చడి చేయించుకోవాలి. తిని పడుకోవాలి. ఈరోజు రేడియో కార్యక్రమం పెద్దదని మామాని పొద్దున్నే స్టూడియోలో దించి గదికి వచ్చేశాడు, సాయంత్రం డ్యూటీ సంగతి సాయంత్రం. ఒక్క ఫోనుతో బీరకాయలో కాయ రాలిపోయి బీర మిగిలింది, అరబ్బీలో బీరా అంటే బీరు.

మామా అంటే మేనమామ కాదు. కువైట్లో పనివాళ్లు యజమానురాలిని పిలిచే పిలుపది. ఈ మామా పేరు ఆస్మా, ఉండేది జాబ్రియాలో. ఇరవై ఏళ్లుగా ప్రతి శుక్రవారం రేడియోలో ఆఫ్రికా సంగీతం మీద ఒక కార్యక్రమం నడుపుతోంది. ఆ ఖండంలోని పాటగాళ్లని, వాయిద్యగాళ్లని కూర్చోబెట్టి పాడించి, వాళ్ల కథలు చెప్పించి, శ్రోతల చేత ఫోన్లు చేయిస్తుంది. సత్యనారాయణ ఆవిడ దగ్గర డ్రైవరుగా చేరి నాలుగు నెలలైంది. లోపల కార్యక్రమం నడుస్తున్నంతసేపూ అతను పార్కింగులో సీటు వెనక్కి వాల్చి ఆ సంగీతానికి గురకతో తాళం వేస్తూ ఉంటాడు. కాబట్టి ఆఫ్రికా గురించి అతనికి కల కన్నంత కూడా తెలీదు.

జింబాబ్వే నుంచి వచ్చిన తపీవా అనే అతిథి తొందరలో ఆ ఎంబీరాని ఫింటాస్ పేటలోని స్నేహితుడి ఫ్లాట్లో మర్చిపోయి స్టూడియోకి వచ్చేశాడనీ, వెళ్లి పట్టుకురమ్మనీ మామా చెప్పింది. జాగ్రత్తలు కూడా చెప్పింది. తాతల నాటిది, కుదపకూడదు. ఎండ తగలకూడదు, ఏసీ వేసి తేవాలి. డిక్కీలో పెట్టకూడదు. ఎవరినీ ముట్టుకోనివ్వకూడదు. ఈరోజు కార్యక్రమానికి ఇరవై ఏళ్ల పండగ, అది లేకపోతే మజా లేదు.

చల్లగా ఉండాలి, కుదపకూడదు, పాతబడేకొద్దీ విలువ, లేకపోతే మజా లేదు. పొడుపుకథ వేసినా ఇంత సులువుగా వేయరు.

కువైట్లో మందుతో దొరికితే మాటలుండవు, మూటలే. తీసుకెళ్తే పోలీసులు విమానం ఎక్కిస్తారు. తీసుకెళ్లకపోతే మామా ఎక్కిస్తుంది. ఆ దేశంలో ఉండనిచ్చే అతని ఇఖామా ఈ నెలతో అయిపోతుంది, మళ్లీ రాయించాల్సిన కఫీల్, అంటే పూచీదారు, మామాయే. ఇఖామా అంటే 'ఇక మామా దయ' అని అతను ఎప్పుడో అర్థం చెప్పుకున్నాడు.

"మత్తులేని మాల్టు డబ్బాలు కొట్లో అమ్ముతారు కదండీ, అదే అయ్యుంటాది," అంది విజయదుర్గ. "ఊరికే గాబరా పడక ఎల్లి రండి."

ఆ ధైర్యంతోనే వెళ్లాడు. ఫింటాస్‌లో తపీవా స్నేహితుడు, ఒక స్కూలు మాస్టారు, దుప్పటిలో చుట్టిన గుండ్రటి మూటని పసిబిడ్డని ఇచ్చినట్టు రెండు చేతులతో అందించి, ఇంగ్లీషులో నెమ్మదిగా ఒక మాట చెప్పాడు.

"జాగ్రత్త బ్రదర్. ఇందులో మావాడి తాతగారి స్పిరిట్ ఉంది."

మాల్టు మీద పెట్టుకున్న ఆశ అక్కడే ఆవిరైంది. బీరుకి స్పిరిట్ కూడా కలిపారు. పైగా తాతగారు స్వయంగా కాచింది.

మూటని పక్క సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టి బయల్దేరాడు. సిగ్నల్ దగ్గర పోలీసు కారు వచ్చి పక్కనే ఆగింది. అందులోని పోలీసు ఈ మూటని చూసి, నవ్వి, చెంపకింద చెయ్యి పెట్టుకుని 'పాప పడుకుందా' అన్నట్టు సైగ చేశాడు. సత్యనారాయణ కూడా చెంపకింద చెయ్యి పెట్టుకుని తలూపాడు. పచ్చలైటు పడ్డా కారు కదల్లేదు. సత్యనారాయణ చెంపకింద చెయ్యి ఇంకా తియ్యలేదు. పాప లేస్తుందని వెనకవాళ్లెవరూ హారన్ కొట్టకుండా పోలీసే చెయ్యి అడ్డం పెట్టాడు.

ఇక స్టూడియో వైపు పోయే ధైర్యం లేదు. తిన్నగా ఫర్వానియాలోని తన గదికి వచ్చి, మూటని బీరువాలో పెట్టి తాళం వేశాడు. బీరా దాచడానికి బీరువా కంటే మంచి చోటు ఏముంటుందని బీరాలు పలికాడు కూడా. మామా ఫోన్ చేసింది. ట్రాఫిక్ అన్నాడు. శుక్రవారం పొద్దున్న కువైట్ రోడ్ల మీద ట్రాఫిక్ చూసిన మొదటి మనిషి అతనే. తను లోపలికి వెళ్తున్నాననీ, సెల్లు కట్టేస్తాననీ, అవసరమైతే స్టూడియో నంబరుకి చెయ్యమనీ చెప్పి మామా పెట్టేసింది.

విజయదుర్గకి మాత్రం మనసాగలేదు. తాళం తీసి దుప్పటి కొంచెం తొలగించి చూసి, వెంటనే మూసేసింది.

"అంచు చుట్టూ సీసా మూతలేనండీ. వరసగా కొట్టేసున్నాయి."

"ఎన్ని సీసాలు తాగేరో మరి, లెక్కకోసం కొట్టుకున్నట్టున్నారు," అన్నాడు సత్యనారాయణ నీరసంగా.

సరిగ్గా అప్పుడే పక్కగది ఆనందమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆవిడ నర్సు. శుక్రవారం శుక్రవారం తన గదిలో ప్రార్థన పెడుతుంది. కుర్చీ అడగడానికి వచ్చి, కుర్చీ మర్చిపోయి, బీరువా వంక చూసింది. చెప్పక తప్పలేదు. చెప్పింది ఆనందమ్మ ఒక్కదానికే, కానీ ఈ ఫ్లాట్లో గోడలు ప్లైవుడ్డువి. ప్రార్థనకొచ్చిన వాళ్లంతా గుమ్మంలో పోగయ్యారు. వెనకనుంచి పాల్‌రాజు అనే కుర్రాడు మెల్లగా ముందుకొచ్చి, అంతా పారబోయడం దేనికి, పాపం కదా అన్నాడు. ఏది పాపమో ఆనందమ్మ చూపుతోనే చెప్పింది.

"తమ్ముడూ, ఇది ఇక్కడుంటే ఫ్లాట్లో అందరం పోతాం," అంది. "బాత్రూంలో పారబోస్తావా, మీ మామాకి నిజం చెప్తావా?"

"పారబోస్తే మామా ఊరుకోదక్కా."

"అయితే చెప్పు. ఉద్యోగం పోతే మళ్లీ వెతుక్కోవచ్చు. జైలుకి పోతే నిన్నే వెతుక్కోవాలి."

విజయదుర్గ ఫోను తీసి భర్త చేతిలో పెట్టింది. అతను ఒక్క నిమిషం ఆ ఫోను వంకా, ఒక్క నిమిషం ఆమె వంకా చూశాడు. ఆమె ఇక్కడ నర్సరీలో ఆయాగా చేరి ఇంకా ఏడాది కాలేదు. ఇద్దరూ ఒకే ఊళ్లో ఉండటం పెళ్లయ్యాక ఇదే మొదటిసారి. ఆ ఒక్క గది కోసమే ఇఖామా, లేకపోతే దానితో అతనికేం పని? స్టూడియో నంబరు నొక్కి స్పీకరు పెట్టాడు.

అటువైపు ఎత్తినతను పేరడిగి, ఆగమని, ఎక్కడికో కలిపాడు. మామా గొంతు ఉత్సాహంగా పలికింది, ఎవరు మాట్లాడేది అని.

సత్యనారాయణ అరబ్బీ, హిందీ, ఇంగ్లీషు మూడూ కలిపి మాట్లాడాడు. తెలుగులో పెడితే అది ఇదీ:

"మామా, నేను సత్యాని. బీరా తేలేను. పోలీసు పట్టుకుంటే నా ఇఖామా ఖలాస్. మీ మీద నాకు గౌరవం ఉంది. దణ్ణం పెడతాను, ఇరవై ఏళ్ల పండగ టీతో చేసుకోండి."

అంతలో పక్కగదిలోంచి, ఎవరో ముందే పెట్టి వచ్చిన రేడియోలో, సత్యనారాయణ గొంతే రెండోసారి వినిపించింది: "...పండగ టీతో చేసుకోండి." ఆనందమ్మ గోడ వంక చూసింది. సత్యనారాయణ పైకప్పు వంక చూశాడు. అతన్ని కలిపింది శుభాకాంక్షలు చెప్పే శ్రోతల లైనుకి. కువైట్ అంతా విన్నది.

"సత్యా," అంది మామా. "నేను ఏం తెమ్మన్నాను?"

"బీరా, మామా. స్పిరిట్ కూడా ఉందట. వాళ్ల తాతగారిది."

అప్పుడు రేడియోలో ఒక మగగొంతు పకపకా నవ్వడం మొదలెట్టి, దగ్గు వచ్చేదాకా నవ్వింది. తపీవా అన్నమాట. నవ్వు ఆగాక అతను, వింటున్నవాళ్లందరికీ అని చెప్పి, నిదానంగా వివరించాడు. ఎంబీరా అంటే తమ దేశపు వాయిద్యం. చెక్క పలక మీద ఇనప మీటలుంటాయి, బొటనవేళ్లతో మీటాలి. నాదం గట్టిగా రావడానికి ఎండిన సొరకాయ బుర్రలో పెడతారు. జుమ్ముమని మోగడానికి బుర్ర అంచుకి సీసా మూతలు కొడతారు. దాన్ని వాయిస్తే పెద్దల ఆత్మలు వచ్చి వింటాయని తమ నమ్మకం. తాతగారి స్పిరిట్ అంటే ఆయన ఆత్మ.

"తాగేది కాదు సత్యా," అంది మామా, "మోగేది."

మూట విప్పమన్నాడు తపీవా. విప్పారు. గుండ్రటి బుర్ర, అంచు చుట్టూ మూతలు, లోపల అరిగి నల్లబడిన చెక్క, మీద ఇనప మీటలు. చిన్న మీటని ఒక్కసారి నొక్కి వదలమన్నాడు. సత్యనారాయణ బొటనవేలితో నొక్కి వదిలాడు. టింగుమని తేనెటీగ గాజుగ్లాసులో తిరిగినట్టు ఒక మోత లేచి, ఫోనులోంచి వెళ్లి, పక్కగది రేడియోలోంచి తిరిగి వచ్చింది. సుర అనుకున్నది స్వరమని అక్కడున్నవాళ్లందరికీ ఒకేసారి తెలిసింది. ఆనందమ్మ నవ్వింది. విజయదుర్గ గోడకి చేరగిలబడి కళ్లు తుడుచుకుంది. పాల్‌రాజు ఒక్కడే కొంచెం దిగులుపడ్డాడు.

ఈసారి ఎవరికీ భయపడకుండా స్టూడియోకి తీసుకెళ్లాడు. తపీవా చివరి భాగమంతా దానిమీదే వాయించాడు, లోపల గాజు తలుపు దగ్గర నిలబడి సత్యనారాయణ మొదటిసారి నిద్రపోకుండా విన్నాడు. ఇరవై ఏళ్లలో ఎప్పుడూ రానన్ని ఫోన్లు వచ్చాయట, అందరూ ఎంబీరా అనే పేరు సరిగ్గా పలుకుతున్నారట.

తిరిగి వచ్చేటప్పుడు కారు జాబ్రియా దగ్గరపడ్డాక, నేను తాగుతానని ఎలా అనుకున్నావని మామా అడిగింది. మళ్లీ ఆవిడే అంది, ఉద్యోగం పోయినా సరే తప్పుపని చెయ్యనని కువైట్ మొత్తానికి చెప్పిన డ్రైవరుని వదులుకునేంత పిచ్చిదాన్ని కాననీ, ఆదివారం ఇఖామా కాగితాలు తెచ్చుకోమనీ. దిగేటప్పుడు వచ్చే వారం మాలీ దేశపు అతిథికి తేవాల్సిన తీగల వాయిద్యం పేరు కూడా చెప్పింది.

ఆ రాత్రి విజయదుర్గ అన్నం పెడుతూ ఇంకేమన్నారండీ అని అడిగితే, సత్యనారాయణ గుండెలనిండా గాలి పీల్చుకుని చెప్పాడు: "వచ్చే శుక్రవారం 'కోరా' తేవాలంట, ఏం కూరో అడగలేదు."