కుడి కన్ను డిప్యుటేషన్

కొత్త వైద్య కళాశాలకు తనిఖీ బృందం రాబోతున్నందువల్ల, సర్కారు కంటి ఆసుపత్రిలో సీనియర్ వైద్యురాలైన డాక్టర్ పొట్నూరు సువర్చల కుడి కన్నును డిప్యుటేషన్ మీద అక్కడికి పంపవలసిందిగా సోమవారం ఉదయం ఉత్తర్వు వచ్చింది. మిగతా మనిషి యథాస్థానంలో పనిచేస్తూ ఉండాలనీ, జీతభత్యాల్లో మార్పేమీ ఉండదనీ అందులోనే స్పష్టంగా రాశారు.

ఇందులో వింతేమీ లేదు. పూర్వం ఇలాంటి తనిఖీలు వచ్చినప్పుడల్లా డాక్టర్లను మనిషికి మనిషినే పంపేవారు. బస్సెక్కించి, అక్కడి హాజరు పట్టీలో సంతకం పెట్టించి, తనిఖీవాళ్లు తలలు లెక్కపెట్టుకుని వెళ్లగానే వెనక్కి తెచ్చేవారు. ఈలోగా ఇక్కడ ఓపీ గది ముందు జనం గోల, మర్నాడు పేపర్లో ఫొటో. అందుకని శాఖవారు బాగా ఆలోచించి, ఏ విభాగానికి ఏది అవసరమో అది పంపితే చాలునని తీర్మానించారు. పోయినేడు చెవి ముక్కు గొంతు ప్రొఫెసరుగారి చెవి వెళ్లొచ్చింది. ఎముకల డాక్టరుగారి మోకాలు వెళ్లి, వచ్చేటప్పుడు కాస్త బిగుసుకుని వచ్చింది. చర్మవ్యాధుల ఆయన సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

సువర్చల ఉత్తర్వు చదివి నిర్ఘాంతపోయింది. ఆమె అలా నిర్ఘాంతపోవడం చూసి సూపరింటెండెంట్ భుజంగరావుగారు నొచ్చుకున్నారు.

"కన్నేంటి సార్? కన్నెలా పంపుతారు?"

"టీకాల డబ్బాలో, చుట్టూ ఐసు పెట్టి. జాగ్రత్తగానే తీసుకెళ్తారమ్మా."

"నేనడిగేది అది కాదు. రెండు కళ్లూ కలిస్తేనే లోతు తెలుస్తుంది సార్. ఒంటికన్నుతో మైక్రోస్కోపు కింద కూర్చుంటే పనిముట్టు ఎక్కడ ఆపాలో తెలీదు. ఆపరేషన్లు ఎలా చేస్తాను?"

"తనిఖీ అయ్యేదాకా చేయకండి. అందరం సర్దుకోవట్లేదూ? పరిపాలన కోటాలో నా వెన్నెముక వెళ్లి ఎన్నాళ్లయింది! నేనేమన్నా అన్నానా?" అంటూ ఆయన వీపు వెనక దిండు సరిచేసుకున్నారు.

ససేమిరా అని చెప్పి ఆమె వార్డుకు వచ్చేసింది. ఆమె మొండితనానికి కారణం కిటికీ పక్క మంచం మీద ఉంది. పేరు తవిటమ్మ. జీడిపప్పు కార్ఖానాలో పప్పు ఏరే మనిషి. గుండు పప్పు ఒకవైపు, బద్ద ఒకవైపు, ముక్క ఒకవైపు. అదంతా కంటి పని. జీడిపిక్క కొడుతుండగా తొక్కలోని జీడి రసం చింది కుడి కన్ను ఎప్పుడో పోయింది. ఇప్పుడు మిగిలిన ఎడమ కంట్లో శుక్లం ముదిరి గోధుమ రంగుకు తిరిగింది. ఇంకా ఆలస్యమైతే అది లోపలే పగిలి, ఒత్తిడి పెరిగి, ఆ కన్నూ పోతుంది. చిన్న డాక్టర్లు లైటు వేసి చూసి, మావల్ల కాదు, ఒకే కన్నున్న మనిషి, మేడమే చేయాలి అని తప్పుకున్నారు. అందులో వాళ్ల తప్పేం లేదు.

"మా సావుకారు నా పీట ఇంకోలికి ఇచ్చీత్తానంటన్నాడమ్మా. సూపొచ్చీసినాక రా, నేపోతే రాకు అన్నాడు. మీరు సేత్తారు గదా?" అంది తవిటమ్మ, గొంతు వినబడిన వైపు మొహం తిప్పి.

"గురువారం చేస్తాను. పూచీ నాది" అంది సువర్చల.

ఆ మాట అన్న కాసేపటికే ఆమె తన కన్నును తనే పోగొట్టుకుంది. సర్కారు ఆసుపత్రిలో పెద్ద డాక్టరు సంతకం పెట్టే తీరు మీకు తెలిసే ఉంటుంది. ఎదుట రోగి కన్ను చూస్తూ, పక్కన హెడ్ నర్సు తిప్పుతున్న కాగితాల మీద చేయి దాని మానాన అది పోతూ ఉంటుంది. చదువుతూ కూర్చుంటే బయట వరస మెయిన్ రోడ్డు దాకా వెళ్తుంది. ఆ రోజు డిశ్చార్జి కాగితాల మధ్య కుడి కంటి రిలీవింగ్ ఆర్డరు కూడా ఉంది. పెట్టింది హెడ్ నర్సు ఎస్తేరమ్మ. పెట్టమన్నది సూపరింటెండెంటుగారు. సంతకం పూర్తవుతూనే సువర్చల కుడి కన్ను నొప్పీ గిప్పీ లేకుండా ఊడి, బల్ల మీదున్న టీ సాసర్లో పడింది.

"అయ్యో, సాసరు కడగలేదండీ మేడమ్" అని ఎస్తేరమ్మ నిజంగానే బాధపడింది.

సువర్చల కలం పట్టుకుని సాసరు వంకే చూస్తూ కూర్చుంది. ఎదుటి స్టూలు మీద కూర్చున్న రోగి, మేడమ్ కొంచెం తీరుబడిగా ఉన్నట్టున్నారనుకుని తన చుక్కల మందు సంగతి అడిగాడు. వెనకవాళ్లు త్వరగా కానిమ్మని తోశారు. కన్ను ఊడినందుకు కాదు గానీ, ఊడితే ఒక్కరూ అరవనందుకు ఆమెకు భయం వేసింది.

డిప్యుటేషన్ నిబంధనల ప్రకారం కన్ను ఎక్కడున్నా చూపు మాత్రం సొంత మనిషిదే. కాబట్టి సువర్చల ఎడమ కంటితో ఇక్కడి వార్డునూ, కుడి కంటితో అక్కడి కళాశాలనూ ఒకేసారి చూస్తూ రోజులు గడిపింది. అక్కడ కన్నును తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద, పేరు రాసిన పలక వెనక పెట్టారు. ఎదురుగా ప్లాస్టిక్ కవరు విప్పని కొత్త మైక్రోస్కోపు. దాని తీగ ఏ ప్లగ్గులోకీ వెళ్లదు, ఎందుకంటే గోడకు ప్లగ్గు లేదు. మంచాల నిండా కళ్లకు కట్లు కట్టుకున్న కుర్రాళ్లు. భోజనాల వేళకు కట్లు నుదుటి మీదికి తోసుకుని, బిర్యానీ పొట్లాలు విప్పి, మళ్లీ కట్లు దించుకుని పడుకునేవారు.

మొదట్లో ఆ కన్ను తెగ ఏడ్చేది. అక్కడి అటెండరు దూది పెట్టి తుడుస్తూ ఉండేవాడు. కొన్నాళ్లకు ఏడవడం మానింది. ఆ తరవాత ఒకనాడు, కట్లు కట్టుకున్న కుర్రాళ్లు ఆమెకు నిజంగానే రోగుల్లా కనిపించారు. సువర్చల ఉలిక్కిపడి ఎడమ కన్ను నులుముకుంది. లాభం లేకపోయింది, చూస్తున్నది అది కాదు.

తనిఖీ గురువారం అన్నారు, వాయిదా పడింది. మళ్లీ అన్నారు, మళ్లీ పడింది. వాయిదా పడ్డప్పుడల్లా డిప్యుటేషన్ పొడిగించారు. ఈ వారమే కన్ను వచ్చేస్తుందన్న ఆశతో సువర్చల వేరే ఆసుపత్రికి పంపకపోవడంతో తవిటమ్మ మంచం మాత్రం మారలేదు. ఆమె జీడిపప్పు మూట ఒకటి తెప్పించుకుని, ఒళ్లో పోసుకుని, తడుముతూ గుండూ బద్దా వేరుచేస్తూ కూర్చునేది. వేళ్లు మరచిపోకుండా ఉంటాయట. సువర్చల రౌండ్లకు వచ్చినప్పుడు చూస్తే రెండు కుప్పల్లోనూ అన్నీ కలిసే ఉండేవి. చెప్పకుండానే పక్క మంచానికి వెళ్లేది.

ఎట్టకేలకు తనిఖీ అయింది. బృందంవారు కన్ను మీదికి వంగి చూశారు, కన్ను వాళ్లను చూసింది, ఇరుపక్షాలూ సంతృప్తి చెందాయి. మర్నాడు టీకాల డబ్బా తిరిగొచ్చింది. జాయినింగ్ రిపోర్టు మీద సువర్చల సంతకం పెట్టగానే కన్ను తన చోట తాను కూర్చుంది. ఆమె చేతులు కూడా కడుక్కోకుండా వార్డుకు పరిగెత్తింది.

గుమ్మంలోనే ఆగిపోయింది. వార్డు అద్దంలా ఉంది. పెచ్చులూడిన కప్పుకు కొత్త సున్నం. మంచానికి ఒక్కరే రోగి, తెల్లటి దుప్పట్లు, మూల ఆరిపోయి ఉండే ట్యూబులైటు వెలుగుతోంది. ఆమె కుడి కన్ను మూసింది. పెచ్చులు, మంచానికి ఇద్దరు, చీకటి. ఎడమ కన్ను మూసింది. సున్నం, దుప్పట్లు, వెలుగు. రెండూ తెరిస్తే కుడిదే గెలుస్తోంది.

"వొచ్చీసినారా అమ్మా!" అంది తవిటమ్మ, ఆ అడుగుల చప్పుడు గుర్తుపట్టి.

సువర్చల తవిటమ్మ ఎడమ కంట్లోకి టార్చి వేసి చూసింది. తన ఎడమ కంటికి కనిపించింది గోధుమ రంగు శుక్లం, ఇంకా ముదిరి, ఇవాళో రేపో పగిలేలా ఉంది. తన కుడి కంటికి కడిగిన గాజులా తేటగా ఉన్న కన్ను, జబ్బన్నదే లేదు. ఆ మధ్యాహ్నమే తవిటమ్మను ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టించి, మైక్రోస్కోపు ముందు కూర్చుంది. రెండు కళ్లతో చూస్తే తీయడానికి శుక్లం లేదు. కుడి కన్ను మూస్తే శుక్లం ఉంది, లోతు లేదు. ఒక్క వెంట్రుకవాసి ఎక్కువ దిగితే ఉన్న ఒక్క కన్నూ పోతుంది. ఆమె పనిముట్టును ట్రేలో పెట్టేసి లేచి, సూపరింటెండెంటు గదికి వెళ్లింది.

"సార్, నా కన్ను చెడిపోయి వచ్చింది. తవిటమ్మను వేరే ఆసుపత్రికి పంపుదాం. ఇప్పుడే. కాగితం రాయండి."

"మీ రెండు కళ్లలో తనిఖీ నెగ్గి వచ్చినదేది?"

"కుడిది."

"అదేమంటోంది?"

"బాగుందంటోంది. అది అబద్ధం సార్! ఆ మనిషికి గుడ్డితనం వచ్చేస్తోంది, మీకు అర్థమవుతోందా?"

"బాగున్న కంటికి ఆపరేషన్ చేయమని నేనెవరికి రాయనమ్మా? నవ్వరూ?" అన్నారు భుజంగరావుగారు, చాలా మృదువుగా. తరవాత దిండు సర్దుకుని, తవిటమ్మ డిశ్చార్జి కాగితం మీద, చూపు సంతృప్తికరం, అని తనే రాశారు.

ఆ సంగతి సువర్చలే వెళ్లి తవిటమ్మకు చెప్పవలసి వచ్చింది. కేకలు వేస్తుందనుకుంది. ఏడుస్తుందనుకుంది. మనిషన్నాక ఎవరో ఒకరు అరవాలి కదా అని లోలోపల ఆశపడింది కూడా.

"నా కన్ను బాగుందనా అమ్మా అంటన్నారు?"

"కాగితంలో అలా ఉంది."

"కాయితం ఒగ్గీండి. మీకు అగుపిస్తందా, బాగున్నట్టు?"

సువర్చలకు రెండు కళ్లూ తెరిచే ఉన్నాయి. "కనిపిస్తోంది" అంది.

తవిటమ్మ ఒళ్లో పప్పు దగ్గరికి తీసుకుంది. "మరింకేటి? ఇంత సదువుకున్న తల్లివి, నీకు బాగున్నట్టే అగుపిస్తే బాగున్నట్టే గదా. నాకే సూడ్డం సేతకావటం నేదు" అని, ఒళ్లో పప్పు కొంగున కట్టుకుని లేచింది. రెండు అడుగులు వేసి, తలుపు అనుకుని గోడకు నుదురు కొట్టుకుంది. "ఏటీ కానేదమ్మా" అని తనే అని, గోడ పట్టుకుని తడుముకుంటూ వరండాలోకి వెళ్లింది. కొంగు ముడి సరిగా పడక దారి పొడుగునా పప్పు రాలింది. ఇదంతా ఎడమ కన్ను చూసింది. కుడి కంటికి, చూపొచ్చిన ఆడమనిషి ఒకామె చకచకా ఇంటికి వెళ్తోంది.

సువర్చల గోడను ఆనుకుని నిలబడింది. ఎడమ కన్ను ఆగకుండా కారుతోంది. దాన్ని మూస్తే అంతా హాయిగా ఉంది, తెరిస్తే ప్రాణం పోతోంది. కాసేపటికి ఆమె మళ్లీ సూపరింటెండెంటు గదికి నడిచింది.

"సార్, ఎడమ కన్ను కూడా పంపించండి."

ఆయన ఆశ్చర్యపోతారేమోనని ఒక్క క్షణం ఎదురుచూసింది. ఆయన ఆశ్చర్యపోలేదు. సొరుగు తీశారు. కాగితం అప్పటికే టైపు చేసి ఉంది, తేదీ ఒక్కటే ఖాళీ.

"రెండోదానికి అందరూ వాళ్లంతట వాళ్లే వస్తారమ్మా" అన్నారు.

ఈసారి ఆమె పూర్తిగా చదివే సంతకం పెట్టింది. ఎడమ కన్ను అరచేతిలోకి జారింది. చేతికి తడి తగిలింది. కుడి కంటితో చూసుకుంది, పొడిగానే ఉంది.